క్లబ్బు వాళ్లతో కలిసి కరాటే క్యాంపుకు వెళ్లడం ఎలా

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కరాటే క్లాసులు చాలావరకు స్కూల్ గ్రౌండ్‌లోనో, ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాల్లోనో నడుస్తాయి. ఒకే మాస్టర్, కొంతమంది పిల్లలు, వాళ్లలో కలిసిపోయిన ఇద్దరు ముగ్గురు పెద్దలు. ఏడాది పొడవునా అదే గొంతు, అదే జోడీ. ఎదుటివాడు కిక్ ఎప్పుడు వేస్తాడో వాడి భుజం చూసి చెప్పేంత అలవాటైపోతుంది. ఈ అలవాటు పోవాలంటే ఏటా ఒక్కసారైనా బయట ట్రైనింగ్ క్యాంపుకు వెళ్లాలి. వెళ్తే ఒక్కరే వెళ్లకండి, క్లబ్బు నుంచి కనీసం నలుగురైనా కలిసి వెళ్లండి. రెండు రోజుల్లో చెప్పింది ఒక్కరి తలలో నిలవదు. ఒకరు మరిచింది ఇంకొకరికి గుర్తుంటుంది. తిరిగొచ్చాక దాన్ని ప్రాక్టీస్ చేయడానికి జోడీ కూడా ఊళ్లోనే ఉంటుంది.

ముందు ఏ క్యాంపో తేల్చుకోండి

వాట్సాప్‌లో పోస్టర్ రాగానే డబ్బు కట్టేయకండి. మీ మాస్టర్‌కు చూపించి, నిర్వాహకులకు ఫోన్ చేసి కొన్ని సంగతులు అడగండి. నేర్పేది ఎవరు, ఏ స్టైల్, ఏ బెల్టు నుంచి తీసుకుంటారు, రోజుకు ఎన్ని గంటలు, కటా (ఒంటరిగా వరుస క్రమంలో చేసే కదలికలు) మీదా కుమితే (ఎదుటివాడితో పోరు) మీదా, నేల మీద మ్యాట్లు ఉంటాయా, గచ్చేనా. వీటికి సూటిగా జవాబు చెప్పలేని చోటికి వెళ్లకపోయినా నష్టం లేదు.

స్టైల్ సంగతి చిన్నది కాదు. షోటోకాన్, గోజు ర్యూ, షిటో ర్యూ, వాడో ర్యూ అని ప్రధానంగా నాలుగు చెబుతారు. మన దగ్గర షోటోకాన్ క్లబ్బులు ఎక్కువగానే కనిపిస్తాయి కాబట్టి దాని ఉదాహరణే చెబుతాను. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇతోసు అంకో అనే కరాటే గురువు బడి పిల్లల కోసం 1900ల తొలి ఏళ్లలో ఐదు పినాన్ కటాలు కూర్చాడు. తర్వాత షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి గిచిన్ వాటికి హెయాన్ అని పేరు మార్చి, మొదటి రెండింటి వరుస కూడా తిప్పేశాడు. అందుకే మనం హెయాన్ షోడాన్ అనేది షిటో ర్యూ వాళ్లకు పినాన్ నిదాన్ అవుతుంది. ఈ ముక్క తెలియని పిల్లవాడు షిటో ర్యూ కటా క్యాంపులో మొదటి ఆర్డర్‌కే తప్పు దిక్కుకు తిరిగి, రోజంతా మొహం దించుకుని ఉంటాడు. గ్రీన్ బెల్టు లోపు వాళ్లను వేరే స్టైల్ కటా క్యాంపుకు పంపకపోవడమే నయం. కుమితే క్యాంపుకైతే ఏ స్టైల్ వాళ్లయినా నిశ్చింతగా వెళ్లొచ్చు. దూరం, టైమింగ్, కాళ్ల కదలిక అందరికీ ఒకటే.

పోస్టర్ మీద బెల్ట్ టెస్ట్ కూడా ఉందంటే ఇంకోసారి ఆలోచించండి. క్యాంపు ఆఖర్లో గ్రేడింగ్ పెట్టడం కొన్ని సంఘాల్లో మామూలే, అందులో తప్పులేదు. కానీ మిమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్లు రెండు రోజుల్లో రెండు బెల్టులు ఎక్కిస్తామంటే అది అమ్మకం. మీ మాస్టర్ సరే అంటేనే పరీక్షకు నిలబడండి. 'ఈ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటా వస్తుంది' అనే మాట అమ్మానాన్నలను బాగా ఆకర్షిస్తుంది. కోటాకు చూసేది గుర్తింపు ఉన్న పోటీల్లో ఆడిన, గెలిచిన సర్టిఫికెట్లను. క్యాంపుకు హాజరైన కాగితం దానికి పనికిరాదు. ఇంట్లో ఈ విషయం ముందే చెప్పేయండి.

ఇంట్లో ఒప్పించడం, డబ్బు

పిల్లలను తీసుకెళ్తుంటే తల్లిదండ్రులతో ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ఎక్కడ ఉంటారు, ఎవరు తోడు, ఎప్పుడు తిరిగొస్తారు అన్నవి కాగితం మీద రాసి, వాళ్ల సంతకం, రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి. ఆస్తమా, ఫిట్స్, పాత ఫ్రాక్చర్ లాంటివి ఉన్నాయేమో అప్పుడే అడగండి. 'ఏం లేదు సార్' అంటారు చాలామంది. మళ్లీ అడగండి.

ఆడపిల్లలు వస్తున్నారంటే గుంపులో పెద్దావిడ ఒకరు ఉండి తీరాలి. క్లబ్బులో సీనియర్ అక్క ఉంటే ఆమె, లేకుంటే ఎవరైనా అమ్మాయి వాళ్ల అమ్మ. పడుకునే గదులు వేరు, తాళం లోపల నుంచి పడాలి, బాత్రూమ్ దారిలో లైటు ఉండాలి. నిర్వాహకులు హాల్లోనే అందరినీ పడుకోబెడతామంటే ఆడపిల్లలకు విడిగా లాడ్జి చూసుకోండి, లేదా పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా పెట్టుకోండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరును ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ చెప్పి ఉంచండి. కరాటే నేర్చుకున్నంత మాత్రాన అన్నీ వాళ్లే చూసుకుంటారని వదిలేయడం సరికాదు.

లెక్కలు ఒక్కరికే అప్పగించండి, అదీ మాస్టర్‌కు వద్దు. ఫీజు, ఛార్జీలు, తిండి, గది కలిపి తలా ఎంతో తేల్చి, పైన కొంచెం మిగులు పెట్టుకోండి. ఫోన్‌పే చేసినా, నోట్లు ఇచ్చినా గ్రూపులో రాయాలి. కట్టుకోలేని వాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. వాళ్ల వాటాను మిగతా పెద్దలు పంచుకోండి, ఆ సంగతి మాత్రం గ్రూపులో రాయొద్దు.

ఒంటిని సిద్ధం చేసుకోండి

రోజూ గంట క్లాసు చేసే ఒళ్లు ఒక్కసారిగా ఐదు గంటల శిక్షణకు తట్టుకోదు. మూడు వారాల ముందు నుంచే ఆదివారం క్లాసును గంటన్నరకు, తర్వాత రెండు గంటలకు పెంచండి. వేగం అవసరం లేదు, సేపు పెరగాలి. జెన్‌కుత్సు దాచి (ముందు మోకాలు వంచి నిలబడే స్టాన్స్), కిబా దాచి (గుర్రం ఎక్కినట్టు నిలబడే స్టాన్స్)లో ఉండే సమయాన్ని మెల్లగా పెంచండి. క్యాంపులో ముందుగా చేతులెత్తేసేవి తొడలే.

పాదాల సంగతి ఎవరూ ఆలోచించరు. గ్రౌండ్ మట్టిలో తిరిగిన కాలు రబ్బరు మ్యాట్ మీద పట్టేస్తుంది, నడుము తిరిగినా పాదం తిరగదు, మోకాలికి నొప్పి తగులుతుంది. మీ క్లబ్బులో మ్యాట్లు లేకపోతే, క్యాంపు మొదటి అరగంట మలుపులన్నీ నెమ్మదిగా చేయండి. మడమ కొంచెం తేలిక చేసి తిరిగితే కాలు పట్టదు. బొటనవేలి కింద బొబ్బలెక్కే వాళ్లు ముందే టేప్ చుట్టుకోవాలి. బొబ్బ పగిలాక టేప్ వేస్తే దాన్ని పీకేటప్పుడు తెలుస్తుంది.

సంచిలో ఏం పెట్టాలి

కరాటే డ్రెస్ రెండు జతలు. ఒకటే ఉంటే రాత్రి ఉతికి ఫ్యాన్ కింద ఆరేయాలి, మందం గుడ్డ తెల్లారేసరికి ఆరదు. తడి డ్రెస్‌తో రెండో రోజు తొడల మధ్య ఒరుసుకుపోతుంది. బెల్టు, గ్లవ్స్, షిన్ గార్డ్, పళ్ల గార్డ్, అబ్బాయిలకు గ్రోయిన్ గార్డ్. పళ్ల గార్డ్‌ను మాత్రం పంచుకోకూడదు. టవల్, చెప్పులు, నీళ్ల బాటిల్, నోట్‌బుక్, పెన్ను.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం అందరి చేతులు, కాళ్లు చూడండి. గోళ్లు కత్తిరించి ఉండాలి. ఉంగరాలు, కడియాలు, గాజులు, చెవి కమ్మలు ఇంట్లోనే వదిలేయాలి. తాయెత్తు, మొలతాడు, మొక్కు దారాలు తీయనంటారు కొందరు. బలవంతం చేయకండి, మణికట్టు దారం మీద టేప్ చుట్టేయండి. జడకు రబ్బరు బ్యాండు తప్ప ఇనుప క్లిప్పులు వద్దు.

క్లబ్బు మొత్తానికి ఒక మందుల డబ్బా చాలు. దూది, గాజ్ గుడ్డ, క్రేప్ బ్యాండేజ్, టేప్, యాంటీసెప్టిక్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. నొప్పి మాత్ర మింగి మ్యాట్ ఎక్కే అలవాటు మాత్రం పిల్లలకు చేయకండి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో కూడా తెలియదు.

దారి

హైదరాబాద్ క్యాంపులు ఎక్కువగా స్టేడియాల చుట్టుపక్కలే ఉంటాయి. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం అయితే నల్లగొండ వాళ్లకు సుఖం. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చే బస్సు ఎల్బీనగర్‌లో దింపుతుంది, అక్కడి నుంచి దగ్గరే. యూసుఫ్‌గూడ విజయభాస్కర్ రెడ్డి ఇండోర్ స్టేడియం అయితే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో రాయదుర్గం వైపు మారి, యూసుఫ్‌గూడ స్టేషన్‌లో దిగండి. మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడే మెట్రో ఉంది. దేవరకొండ వాళ్లు ఇబ్రహీంపట్నం మీదుగా వస్తారు, సాగర్ రోడ్డు దిగితే ఎల్బీనగర్ పక్కనే.

అమ్మాయిలకూ, తోడొచ్చే అమ్మలకూ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి ఛార్జీ లేదు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. తొందరపడి లగ్జరీ బస్సెక్కితే డబ్బు పెట్టాల్సిందే. ఆధార్ కార్డు మరిచే పిల్ల ప్రతి గుంపులో ఒకతి ఉంటుంది, బస్టాండ్‌కు వచ్చే ముందే గుర్తుచేయండి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దారి. క్యాంపు ఉదయం ఏడింటికి మొదలైతే ముందు రోజు సాయంత్రమే చేరుకోండి. నాలుగింటికి లేచి, బస్సులో తూగుతూ వచ్చిన వాళ్లు మధ్యాహ్నానికి వాడిపోతారు.

తిండి, నీళ్లు

ఉదయం ట్రైనింగ్‌కు రెండు గంటల ముందు ఇడ్లీ, అరటిపండు. దోశ, బజ్జీ నూనెవి వద్దు. మధ్యాహ్నానికి ఇంటి నుంచి చపాతీలు, పులిహోర తెచ్చుకుంటే ఆ రోజుకు నడుస్తుంది. పెరుగన్నం ఎండాకాలంలో బ్యాగులో పులిసిపోతుంది, అక్కడే పెరుగు కొనుక్కుని కలుపుకోవడం నయం. సంచిలో పల్లీ పట్టీలు, ఖర్జూరాలు ఉంటే మధ్యలో నోట్లో వేసుకోవచ్చు. ఇక బిర్యానీ. హైదరాబాద్ వచ్చి బిర్యానీ తినకుండా పోతామా అని మొదటి రోజు మధ్యాహ్నమే మొదలుపెడతారు. మాంసం తిని మూడింటికి కుమితేకు నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆఖరి రోజు, డ్రెస్ మడిచి సంచిలో పెట్టాక తినండి.

క్యాంపులు ఎండాకాలం సెలవుల్లో ఎక్కువ. రేకుల షెడ్డు కింద, మందం డ్రెస్‌లో, మే నెలలో ఒంట్లో నీళ్లు ఎంత వేగంగా పోతాయో కూర్చున్నవాళ్లకు అర్థం కాదు. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి బ్రేక్‌లో తాగించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపాలని ఉందో అన్ని నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. మామూలు ప్యాకెట్‌కు లీటరు నీళ్లు. గ్లాసులో సగం ప్యాకెట్ వేసుకుంటే ఉప్పు ఎక్కువై పనికి రాకుండా పోతుంది. ఎవరికైనా తల తిరగడం, వాంతి, మాటలు తడబడటం కనిపిస్తే నీడకు తీసుకెళ్లి, పైజాకెట్ విప్పి, మెడ, చంకల దగ్గర తడి గుడ్డ పెట్టండి. స్పృహ సరిగా లేదనిపిస్తే 108కు ఫోన్ చేయండి. ఇన్‌స్ట్రక్టర్ ఏమనుకుంటాడో అని చూడొద్దు.

మ్యాట్ మీద

మ్యాట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వంగి నమస్కారం. వరుసలో బెల్టు ప్రకారం నిలబడతారు, మామూలుగా ముందుకు తిరిగి చూస్తే సీనియర్లు కుడివైపు. ఆలస్యమైతే నేరుగా వరుసలో దూరకుండా పక్కన కూర్చుని, రమ్మనే దాకా ఆగాలి. ఈ మర్యాదలు ముందే ఇంటి దగ్గర చేయించి తీసుకెళ్లండి. అక్కడ మీ పిల్లవాడు ఏం చేసినా అది మీ మాస్టర్ పేరుకే చేరుతుంది.

ఇన్‌స్ట్రక్టర్ చెప్పేది మీ క్లబ్బు పద్ధతికి వేరుగా ఉంటుంది. ఒకాయన గెదాన్ బరాయ్ (కిందికి కొట్టే బ్లాక్) చెవి దగ్గర నుంచి మొదలుపెట్టమంటాడు, ఇంకొకాయన భుజం దగ్గర నుంచి. అక్కడ ఆయన చెప్పినట్టే చేయండి. 'మా సార్ ఇట్ల చెప్పలే' అని గునిసే పిల్లలుంటారు. వాళ్లకు ముందే చెప్పండి, రెండు రోజులు అవతలి పద్ధతి, ఊరికి పోయాక మన పద్ధతి. రెండూ తెలిసినవాడికి నష్టమేమీ ఉండదు.

ఇప్పుడు గుంపుగా రావడంలో అసలు లాభానికి వద్దాం. నలుగురూ ఒకే చోట నిలబడి అదే చూస్తే ఒక్కరొచ్చినట్టే. పని పంచుకోండి. ఒకరు ఇన్‌స్ట్రక్టర్ పాదాలు మాత్రమే చూడాలి: మడమ లేచిందా, వేళ్లు ఎటు తిరిగాయి, బరువు ఏ కాలి మీద ఉంది. ఇంకొకరు నడుము, భుజాలు చూడాలి. మూడో మనిషి ఆయన నోటి మాటలు వినాలి, ఎందుకంటే చేసి చూపేటప్పుడు ఆయన చెప్పే కారణమే అందరూ పోగొట్టుకునేది. నాలుగో మనిషికి తప్పులు చూసే పని. ఆయన ఎవరిని ఆపి ఏం సరిచేశాడో గుర్తుపెట్టుకోవాలి. పక్కవాడి తప్పు మీదే అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ.

జోడీ కట్టమన్నప్పుడు మాత్రం క్లబ్బు వాళ్లు విడిపోండి. మీవాళ్లతో రోజూ కొట్టుకుంటూనే ఉన్నారు. కొత్త మనిషి చేయి పొడుగు తెలియదు, వేగం తెలియదు, అప్పుడే మీ డిఫెన్స్ ఎంతో తేలుతుంది. వంగి నమస్కరించి, పేరు, ఊరు చెప్పి, గాయాలేమైనా ఉన్నాయా అడిగి మొదలుపెట్టండి. మొదటి రెండు మూడు పంచ్‌లు నెమ్మదిగా వేస్తే దూరం తెలుస్తుంది. మీకంటే చిన్నవాళ్లు, తక్కువ బెల్టు వాళ్లు వస్తే వేగం తగ్గించడం మీ పని. పెద్ద బెల్టు వాడు గట్టిగా వేస్తుంటే 'కొంచెం మెల్లగా అన్నా' అనడంలో సిగ్గేం లేదు. వినకపోతే వంగి నమస్కరించి పక్కకు వచ్చేయండి.

ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వంచకండి. ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. తలకు దెబ్బ తగిలి మసకగా ఉందన్నా, తడబడినా, వాంతి అనిపించినా ఆ రోజుకు ఆ మనిషి మ్యాట్ ఎక్కకూడదు, డాక్టర్‌కు చూపించాలి. ఆ నిర్ణయం దెబ్బ తగిలినవాడికి వదలొద్దు. వాడు 'ఏం కాలేదు' అనే అంటాడు.

వీడియో తీయాలంటే అడిగి తీయండి. కొందరు ఇన్‌స్ట్రక్టర్లు ఆఖర్లో ఒకసారి కటా మొత్తం చేసి, తీసుకోమంటారు. వేరే క్లబ్బుల ఆడపిల్లలు ఫ్రేములో ఉన్న వీడియోలు స్టేటస్‌లో పెట్టడం పూర్తిగా మానుకోండి.

రాత్రి నోట్‌బుక్

క్యాంపులో అన్నిటికంటే విలువైన పని ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. రాత్రి తిన్నాక, ఫోన్లు తీయకముందు, అందరూ ఒకచోట కూర్చుని తలా రెండు సంగతులు చెప్పాలి. ఒకరు రాయాలి. చెప్పింది రుజువు చేయడానికి లేచి చేసి చూపాలి. అప్పుడే గొడవ మొదలవుతుంది. 'అక్కడ ఎడమ కాలు', 'కాదు కుడి'. ఈ గొడవ మంచిదే. హెయాన్ షోడాన్ అయితే 21 కదలికలు, కియాయ్ (గట్టి అరుపు) 9 దగ్గర, 17 దగ్గర. లెక్కపెడుతూ చేస్తే ఎవరిది తప్పో లెక్కే చెప్పేస్తుంది. తేలకపోతే ప్రశ్నగా రాసి, పొద్దున ఇన్‌స్ట్రక్టర్‌ను అడగండి. ముందు రోజు చెప్పిందాని మీద ప్రశ్న తెచ్చేవాళ్లు తక్కువ. అలాంటివాళ్లకు ఆయన ఇంకో ఐదు నిమిషాలు ఇస్తాడు.

ఏం రాయాలన్నది కూడా చెప్పాలి. 'స్టాన్స్ బాగుండాలి' అని రాసుకుంటే నెల తర్వాత చదివినా ఏమీ తట్టదు. 'జెన్‌కుత్సు దాచిలో మహేశ్ వెనుక మడమ లేస్తోంది, వేళ్లు ఇంకా ముందుకు తిప్పాలి' అని రాస్తే పనికొస్తుంది. 'కొకుత్సు దాచి (వెనక్కి వాలి నిలబడే స్టాన్స్)లో బరువు వెనుక కాలి మీద 70 శాతం అన్నారు, మనం సగం సగం నిలబడుతున్నాం' అని రాయండి. పేరుతో, కాలితో, దిక్కుతో రాయండి. జపాన్ మాటలు తెలుగు లిపిలో చెవికి వినిపించినట్టు రాస్తే చాలు.

రెండో రోజు పొద్దున తొడలు, పిక్కలు పట్టేస్తాయి. ఇది మామూలే, ఒకటి రెండు రోజులు పెరిగి తగ్గుతుంది. మెల్లగా నడిచి, వార్మప్ ఎక్కువ సేపు చేస్తే వదులుతుంది. కండ నొప్పి రెండు కాళ్లలో ఒకేలా ఉంటుంది. ఒక్క మోకాలో, ఒక్క చీలమండో పొడిచినట్టు నొప్పి పెడితే, వాచితే అది వేరు. ఆ కాలితో కిక్‌లు మానేసి, పక్కన కూర్చుని నోట్స్ రాయించండి.

ఊరికొచ్చాక

మొదటి క్లాసుకు ముందే మాస్టర్‌ను విడిగా కలిసి నోట్‌బుక్ చూపించండి. అందరి ముందు 'అక్కడ ఇట్ల చెప్పిన్రు సార్, మనది తప్పంట' అని మొదలుపెడితే ఆయన ఏ మంచి సంగతినీ ఒప్పుకోడు, మీరైనా ఒప్పుకోరు. ఆయనతో కూర్చుని ఆ నోట్స్‌లోంచి రెండే రెండు సంగతులు ఎంచుకోండి. ఒకటి కిహోన్ (బేసిక్స్)లోది, ఒకటి జోడీలతో చేసేది. నెల రోజులు క్లాసు మొదట్లో పావుగంట అవే చేయండి. పది సంగతులు ఒకేసారి తెస్తే వారం తిరిగేసరికి ఒక్కటీ మిగలదు.

క్యాంపుకు రాలేని వాళ్లతో ఆ పావుగంటలో ముందు జోడీ కట్టండి. వాళ్లకు నేర్పుతుంటే మీకు ఏది అర్థం కాలేదో బయటపడుతుంది. అయితే బెల్టు కంటే గొంతు పెద్దది చేసి చిన్న మాస్టర్లు అయిపోకండి. క్యాంపు నుంచి వచ్చిన వారం ఈ జబ్బు చాలామందికి వస్తుంది. నెలాఖరున ఒక ఆదివారం నోట్‌బుక్ తెరిచి, పేర్ల పక్కన రాసిన తప్పుల్లో ఏవి పోయాయో టిక్ పెట్టండి.

లెక్కల కాగితాన్ని ఫొటో తీసి వారంలోపు గ్రూపులో పెట్టేయండి. మిగిలిన డబ్బు తలా కాస్త తిరిగి ఇవ్వడం కంటే, అందరూ ఒప్పుకుంటే క్లబ్బుకు కిక్ ప్యాడ్ కొనడం మేలు.